మేనమామ మర్యాదలు

ఆ రోజుకి బ్వానాహేరి సరంగు వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఏడున్నరకి లాము రేవులో ఇద్దరు ప్రయాణికుల్ని పడవ ఎక్కించుకోవాలి. పోటు నీళ్ళు నిండుగా ఉండగానే మ్కాండా కాలవ దాటాలి. మాండా తోతో దీవి దగ్గర లంగరు వేసి, వాళ్ళ మొహాలకి నీటద్దాలు తగిలించి, నోట్లో ఊపిరి గొట్టం పెట్టి, పగడపు దిబ్బల మీద తిరిగే చేపల్ని చూపించాలి. మధ్యాహ్నం ఇసుక తిప్ప మీద చేప కాల్చి కొబ్బరి అన్నంతో పెట్టాలి. పొద్దుగూకే లోపల మళ్ళీ రేవులో దింపాలి. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. నిద్రలో కూడా చెయ్యగలడు. ఒకటి రెండుసార్లు చేశాడు కూడా.

అయితే ఆనాటి ప్రయాణికులు మామూలు వాళ్ళు కారు. రేవు పక్కన కొత్తగా అతిథి గృహం పెట్టిన మునీరా ముందురోజు సాయంత్రమే పిలిచి చెప్పింది.

"నైరోబీ నుంచి ఒక హెడ్మాస్టరు గారు వచ్చారు, భార్యతో. మనిషి మంచివాడే గానీ గడియారం మింగినవాడు. ఆయన నవ్వుతూ తిరిగొస్తే ఇక మా దగ్గర దిగినవాళ్ళందరూ నీ పడవే ఎక్కుతారు. మొహం మాడ్చుకుని వచ్చాడో, ఇంజను పడవల వాళ్ళకి చెప్పేస్తాను. తర్వాత నన్ననుకోవద్దు."

బ్వానాహేరికి ఇంజను అన్న మాటే గిట్టదు. అతని పడవ పేరు సుబిరా. అంటే ఓర్పు. ఒంటి తెరచాప, మామిడి చెక్క, తండ్రి చేయించినది. దానికి ఇంజను పెట్టించమని భార్య జైతూని రెండేళ్ళుగా పోరుతోంది. గాలి ఉన్నంతకాలం పెట్టించేది లేదని అతనూ రెండేళ్ళుగా అంటున్నాడు. పడవకి నాలుగు రోజులుగా ప్రయాణికులు లేకపోతే మాత్రం ఆ మాట కాస్త మెల్లగా అంటాడు.

హెడ్మాస్టరు ఒచోలా గారు ఏడూ ఇరవై ఎనిమిదికి రేవులో నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు, మేజోళ్ళు, చంకలో గొడుగు. పడవలో కాలు పెట్టగానే టైపు చేసిన కాగితం ఒకటి సరంగు చేతిలో పెట్టారు. దాన్లో ఇలా ఉంది: '7:30 బయలుదేరుట. 9:30 చేపలను చూచుట. 11:30 చేపలను తినుట.'

"ఈయన మా పెళ్ళికి కూడా ఇలాంటి కాగితమే టైపు చేయించారు," అంది భార్య అకేయో, చెప్పులు చేత్తో పట్టుకుని ఒక్క గెంతులో పడవెక్కుతూ. పెద్ద చెరువు ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి. "అందులో నా పేరే తప్పు పడింది."

"అచ్చుతప్పు," అన్నారు ఒచోలా గారు.

తెరచాప ఎత్తారు. గాలి బాగుంది. చాప లాగే పనీ, వంట పనీ బ్వానాహేరి బావమరిది త్వాలిబుది. అతను ఒక పావుగంట పోయాక అద్దాలు తుడుద్దామని ఆకు సంచి విప్పాడు. కాసేపు అందులోకి చూశాడు.

"బావా."

"ఏంటి?"

"అద్దాల సంచిలో అద్దాలు లేవు."

"మరేమున్నాయి?"

"తెడ్లు. ఎనిమిది. పెళ్ళి డేగిసాలు కలిపేవి. వీటితో పడవ నడపొచ్చేమో గానీ చేపల్ని చూడలేం."

బ్వానాహేరికి వెంటనే విషయం అర్థమైంది. రాత్రి తలుపు పక్కన ఒకేలాంటి ఆకు సంచులు రెండున్నాయి. ఒకటి అతనిది. రెండోది అత్తగారు మ్వనాషాది. ఆవిడ తెల్లవారుజామునే గాడిదెక్కి మతొండోని ఊరికి పెళ్ళి వంటకి వెళ్ళింది. ఆవిడ చెయ్యి పడకుండా ఆ దీవిలో ఏ పెళ్ళి పిలావూ ఉడకదు. చీకట్లో చేతికందిన సంచి పట్టుకుపోయింది.

మ్కాండా కాలవకి కుడికి తిరగాలి. మతొండోనికి ఎడమకి. బ్వానాహేరి చుక్కాని ఎడమకి తిప్పాడు.

"ఏమిటిది?" అన్నారు ఒచోలా గారు కాగితం చూస్తూ.

"ఏం లేదు మాస్టారూ. చిన్న మలుపు."

"కాగితంలో మలుపు లేదే."

మతొండోనిలో ఆ రోజు పెళ్ళికూతురు తిమా. పడవలు కట్టే అవేసో కూతురు. పెళ్ళికొడుకు నబహాన్‌ది అవతల సియు ఊరు. సంబంధం మంచిదే, పిల్లా పిల్లాడూ ఇష్టపడ్డదే. చిక్కల్లా పెళ్ళికొడుకు మేనమామతో వచ్చింది. ఆయన పేరు అబూద్. ముప్పై ఏళ్ళ కిందట నైరోబీ వెళ్ళి టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. తనతో ఒక్కమాట చెప్పకుండా ముహూర్తం పెట్టారని అలిగాడు. పెళ్ళికి వస్తాడో రాడో, వచ్చినా ఏం చేస్తాడో ఎవరికీ తెలీదు. మతొండోనిలో ఆయన్ని చూసినవాళ్ళు లేరు గానీ ఆయన అలక సంగతి తెలియనివాళ్ళు కూడా లేరు. వస్తే మాత్రం నెత్తిన పెట్టుకుని చూసుకోవాలని ఊరంతా ఒక మాట మీద ఉంది.

ఇదేమీ బ్వానాహేరి బుర్రలో లేదు. అతను ఫోన్ తీసి అత్తగారికి చేశాడు. అవతల డేగిసాల మోత, ఆడవాళ్ళ పాటలు.

"అత్తయ్యా, నేను, బ్వానాహేరిని. నైరోబీ నుంచి వచ్చిన పెద్దాయన్ని తీసుకొస్తున్నా!"

"ఎవర్నీ?"

"నైరోబీ పెద్దాయన్ని! చిన్నదానికే కోపం వచ్చే మనిషి. కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ సంచి..."

సంచి దగ్గర ఫోన్ తెగిపోయింది. అతను చెప్పినవన్నీ నిజాలే. చెప్పాల్సింది ఒక్కటే మిగిలిపోయింది.

సుబిరా మతొండోని ఒడ్డు చేరేసరికి ఎనిమిదిన్నర. ఆ ఒడ్డున లోతు తక్కువ. పోటు నీళ్ళు వెనక్కి తియ్యడం మొదలుపెడితే పడవ బురదలో కూచుంటుంది. అందుకని సరంగు గెడ పట్టుకుని పడవలోనే ఉండిపోయాడు. "పది నిమిషాలు మాస్టారూ. త్వాలిబు వెళ్ళి అద్దాలు పట్టుకొచ్చేస్తాడు," అన్నాడు.

"పది నిమిషాలు ఇలా ముడుచుకు కూచుంటే నా మోకాళ్ళు పట్టేస్తాయి," అని ఒచోలా గారు దిగారు. అకేయో కూడా దిగింది. వాళ్ళ కాళ్ళు ఇసుకకి ఆనాయో లేదో మూడు డప్పులు ఒకేసారి మోగాయి. తెల్లటి పొడుగు అంగీలు తొడుక్కున్న పెద్దలు పది మంది ఎదురొచ్చారు. ఒకరు పన్నీరు చల్లారు. ఒకరు గొడుగు అందుకుని ఆయన మీదే పట్టారు. అవేసో రెండు చేతులూ పట్టుకుని, "దయచెయ్యండి, దయచెయ్యండి. మీరొచ్చారు, అంతే చాలు," అన్నాడు.

"ఇది కూడా టికెట్లోదేనా?" అని గుసగుసగా అడిగింది అకేయో.

"అయ్యుంటుంది. స్థానిక సంస్కృతి. కాగితంలో వెయ్యాల్సింది," అన్నారు ఒచోలా గారు.

పడవలోంచి డప్పులు విన్న బ్వానాహేరి, మగపెళ్ళివారు పెందలాడే వచ్చేశారు కాబోలు అనుకున్నాడు.

ఒచోలా గారిని అరుగు మీద, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క నగిషీల కుర్చీలో కూచోబెట్టారు. అటొకరూ ఇటొకరూ విసనకర్రలతో నిలబడ్డారు. అల్లం కాఫీ వచ్చింది, హల్వా వచ్చింది. ఆ తర్వాత పెళ్ళి మేక కార్జం విడిగా వేయించి పళ్ళెంలో తెచ్చి పెట్టారు. కార్జం ఒక్కరికే వస్తుంది. పెద్దలు దూరంగా నిలబడి ఆయన నమలడం చూస్తున్నారు.

"మాట విన్నారా? మన యాస ఒక్క ముక్క లేదు."

"ముప్పై ఏళ్ళు నైరోబీలో ఉంటే ఎవరికైనా అంతే. ఈ ఎండలో మేజోళ్ళు చూడు."

"ఒకసారి పేరడిగితే?"

"పేరా? నీకేమైనా మతిపోయిందా? ఇప్పటికే అలిగి ఉన్నాడు!"

అకేయోని ఆడవాళ్ళు పెరట్లోకి తీసుకెళ్ళారు. అక్కడ ఆవిడ చూసింది జన్మలో మర్చిపోదు. ఆరుగురు ఆడవాళ్ళు వరసగా పీటల మీద కూచుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఆరుగురి మొహాలకీ నీటద్దాలు. ఆరు గొట్టాలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. పక్కన ఒకామె పిలావు డేగిసాని పడవ తెడ్డుతో కలుపుతోంది. మధ్యలో కూచున్న మ్వనాషా అద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని పలకరించింది.

"రామ్మా, రా. చూశావా నా అల్లుడి తెలివి? ఉల్లిపాయలకి కళ్ళు మండుతాయని ఎవరూ అడక్కుండానే ఇవి సంచిలో పెట్టి పంపాడు! ఇరవై ఏళ్ళలో వాణ్ణి మెచ్చుకోవడం ఇదే మొదలు."

"నేను వాటికోసమే వచ్చానండీ," అంది అకేయో.

"అయ్యో, ఎంత మంచిదానివమ్మా! తీసుకో, ఉల్లిపాయలు ఇంకా సంచిన్నర ఉన్నాయి," అని ఆవిడ ఒక అద్దాల జత, ఒక కత్తి చేతిలో పెట్టింది.

అకేయో నాలుగు ఉల్లిపాయలు తరిగిందో లేదో పెళ్ళికూతురి పిన్నులు పరుగున వచ్చారు. పెళ్ళికొడుకు మేనమామ భార్య చేత ఉల్లిపాయలు తరిగిస్తారా, పరువుందా అని కత్తి లాక్కుని, ఆవిణ్ణి పరుపు మీద కూచోబెట్టి, రెండు చేతులకీ మోచేతుల దాకా గోరింటాకు పెట్టేశారు. "ఆరేదాకా ఏదీ ముట్టుకోకమ్మా. గంట పడుతుంది," అన్నారు. అకేయో ఎన్నో ఏళ్ళుగా గంటసేపు ఊరికే కూచుని ఎరగదు. కాళ్ళు బారజాపుకుంది.

ఇక మిగిలింది త్వాలిబు. తెడ్ల సంచితో పెరటి గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, అద్దాలు..." అన్నాడు. మ్వనాషా అతని కన్నతల్లి. "ఒరేయ్, సమయానికొచ్చావు. ముందు ఈ డేగిసా దించు," అంది. దించాడు. తర్వాత ఇంకొకటి దించాడు. పెళ్ళింట్లో బలమైన మనిషి దొరికితే వదిలేవాళ్ళెవరు?

పదయింది. ఒచోలా గారు గడియారం చూసుకుని, ఇంకోసారి చూసుకుని, చెయ్యి దులిపారు. అది చూసి అవేసో పక్కన పీట వేసుకుని కూచుని మెల్లగా ఎత్తుకున్నాడు.

"తమకి మా మీద కొంచెం మనసు కష్టపడిందని విన్నాం."

"కష్టపడదా మరి? ఇదంతా నాతో ఒక్కమాట కూడా చెప్పకుండా పెట్టేశారు."

"తప్పే. ముమ్మాటికీ తప్పే."

"తప్పని తెలిసినప్పుడు సరిచెయ్యాలి కదా! నాకు ఈ హల్వాలూ డప్పులూ అక్కర్లేదండీ. మా వస్తువులు మాకిచ్చెయ్యండి. మా ఆవిణ్ణి పిలవండి. మా దారిన మేం పోతాం."

డప్పులు ఆగిపోయాయి. విసనకర్రలు కూడా ఆగిపోయాయి. వారం కిందటే సియు నుంచి మంచం, పరుపు, బట్టల పెట్టె, నగలు వచ్చి ఆ ఇంట్లో ఉన్నాయి. అవేసో పీట ముందుకి జరుపుకుని, "వస్తువులంటే... అన్నీనా?" అన్నాడు.

"అన్నీ ఎందుకు? ఇద్దరికి సరిపడా చాలు. మిగతావి మీ ఆడవాళ్ళనే ఉంచుకోమనండి."

అవేసో లేచి పెద్దల దగ్గరికెళ్ళాడు. "సగం వెనక్కివ్వాలట, సగం ఉంచుకోవాలట. అంటే ఏంటి, సగం పెళ్ళా?" అని అడిగాడు. సగం పెళ్ళి గురించి పెద్దలెవరికీ తెలీదు. ఈ లోగా పెళ్ళికూతురి అన్నకి ఆవేశం వచ్చింది. ఫోన్ తీసి, సముద్రం మీద పెద్ద పడవలో వస్తున్న పెళ్ళికొడుకు తండ్రికి చేసి, "మీ బావమరిదిగారు పెళ్ళి వద్దనేశారు. సామాను పంపించేస్తాం. మీరు అక్కణ్ణుంచి అక్కడికే తిరిగిపోవచ్చు," అని పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడు బ్వానాహేరి, నీళ్ళు తీసేస్తున్నాయన్న కంగారులో, గెడ పుచ్చుకునే పరుగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ, అద్దాలు దొరికాయా?"

"ఎక్కడ దొరికాయయ్యా! అడిగితే వీళ్ళెవరో సగం పెళ్ళంటున్నారు."

"మాస్టారా?" అన్నాడు అవేసో. "ఏ మాస్టారు?"

తర్వాత అయిదు నిమిషాల పాటు అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆఖరికి విషయం తేలింది. తేలినదాన్ని చెప్పడానికి పెళ్ళికొడుకు వాళ్ళకి ఫోన్ చేస్తే కలవలేదు. అప్పటికే వాళ్ళు మాండా తోతో వైపు వచ్చేసి ఉంటారు, అక్కడ ఫోన్లు పలకవు. మ్వనాషా నుదుటి మీది అద్దాలు తీసి, మిగతా వాటితో కలిపి అల్లుడి చేతిలో పడేసింది. మెప్పు గంటన్నర కూడా నిలవలేదు.

"నువ్వు తెంపిన పెళ్ళి నువ్వే కలుపు. వాళ్ళని తీసుకురాకుండా నా గడప తొక్కావంటే చూడు. నా కూతురు కూడా తలుపు తియ్యదు."

ఒచోలా గారు మాత్రం అరుగు మీదే నిలబడిపోయారు. "నేనొక్క మాటంటే పెళ్ళి ఆగిపోయిందా?" అని భార్యని అడిగారు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన మాటకి బడి వాచ్‌మన్ కూడా లేచి నిలబడలేదు. ఆయన మొహంలో భయం ఉంది. దాని వెనకాల కాస్త గర్వం కూడా ఉంది. జేబులోంచి కాగితం తీసి 'చేపలను తినుట' కొట్టేసి, 'పెళ్ళిని కలుపుట' అని రాశారు.

అకేయో గుమ్మం దాటుతుంటే గది తలుపు సందులోంచి ఒక చెయ్యి ఆవిడ గౌను అంచు పట్టుకుంది. పెళ్ళికూతురు తిమా. ఏడవడం లేదు, అదివరకే ఏడ్చేసినట్టుంది.

"అక్కా, మీరెవరో నాకు తెలీదు. ఆయన్ని ఒక్కమాట అడుగుతారా? రావాలని ఉందా లేదా అని. లేకపోతే లేదని చెప్పమనండి. మామ పేరు చెప్పొద్దనండి."

"అడుగుతా," అంది అకేయో. గోరింటాకు చేత్తో ఆ పిల్ల చెంప ముట్టబోయి, ఆగిపోయింది.

మ్కాండా కాలవలో నీళ్ళు సగానికి పడిపోయాయి. రెండు పక్కలా మడ చెట్ల వేళ్ళు బయటపడ్డాయి. కాలవ నడుముకి వచ్చేసరికి సుబిరా అడుగు బురదకి రాసుకుని ఆగింది. బ్వానాహేరి, త్వాలిబు దిగి తొయ్యడం మొదలుపెట్టారు. కదల్లేదు. ఒచోలా గారు పంట్లాం మోకాళ్ళ పైకి మడిచి తామూ దిగారు. బూట్లు విప్పడం గుర్తులేదు.

"మాస్టారూ, మీరెందుకు, ఎక్కండి!"

"మాట్లాడకయ్యా, తొయ్యి!"

పడవ కదిలింది. ఎడమ బూటు బురదలో ఉండిపోయింది. వెతకడానికి టైము లేదు.

మాండా తోతో దగ్గరికి వచ్చేసరికి పన్నెండు దాటింది. మగపెళ్ళివారి పెద్ద పడవ ఇసుక తిప్పని ఆనుకుని లంగరు వేసి ఉంది. పోవడమా, వెనక్కి తిరగడమా అని వాదించుకోవడానికి ఆగారు. వాదన తెగే లోపల నీళ్ళు తీసేశాయి. పడవ ఒక పక్కకి ఒరిగి ఇసుక మీద కూచుంది. నలభై మంది పెళ్ళి బట్టల్లో చాప నీడన చేరి ఉన్నారు. మధ్యలో పెట్టె మీద కూచున్నాయన అబూద్. నిజం మేనమామ. ఫోన్ వచ్చినప్పుడు ఆయన ఆ పడవలోనే, స్తంభం పక్కనే ఉన్నాడు. మీరు వద్దన్నారటగా అని అందరూ ఆయన వైపు తిరిగితే, "నేనింకా అనలేదే!" అన్నాడట. ఆ 'ఇంకా' అన్న ముక్క మీద మొదలైన గొడవ ఇప్పటికీ నడుస్తోంది.

బ్వానాహేరి జరిగిందంతా చెప్పాడు. ఉల్లిపాయలు, తెడ్లు, ఫోన్, మాస్టారు, సగం పెళ్ళి. చేతులు పట్టుకున్నాడు. గడ్డం పట్టుకున్నాడు. పెళ్ళికొడుకు తల్లి కూడా తమ్ముణ్ణి బతిమాలింది.

"ఏ దారిపోయే వాడికో మేనమామకి ఇచ్చే మర్యాదలిచ్చారంటే, వాళ్ళ దృష్టిలో మేనమామ అంటే ఎవడైనా ఒకటే అన్నమాట," అన్నాడు అబూద్. "నేను కదలను. మీరు కదిలితే నా శవం మీద నుంచి కదలాలి."

బతిమాలడం చాలాసేపు పట్టేలా కనిపించింది. సుబిరా ఆగింది పగడపు దిబ్బల పక్కనే. ఒచోలా గారు కాగితం చూసుకున్నారు. 'చేపలను చూచుట' ఆలస్యమైంది గానీ రద్దు కాలేదు. "మనం చెయ్యగలిగేది ఇక్కడేం లేదు," అని భార్యకి ఒక అద్దాల జత ఇచ్చి, తామొకటి తగిలించుకుని, చొక్కాతోనే నీళ్ళలోకి దిగిపోయారు.

నీళ్ళు తేటగా ఉన్నాయి. పసుపు చారల చేపలు గుంపులుగా వచ్చి ఆయన మొహంలోకి చూసి పోయాయి. రామచిలక రంగు చేప ఒకటి పగడాన్ని పటపటా కొరుకుతుంటే ఆ చప్పుడు చెవులకి వినబడింది. ఒచోలా గారు అలాంటిది ఎన్నడూ చూడలేదు. అప్పుడు కూడా సరిగ్గా చూడలేకపోయారు. అద్దాల రబ్బరుకి పట్టిన ఉల్లి ఘాటు కళ్ళకెక్కింది. ముక్కు మూసి ఉంది, అద్దం తియ్యడానికి లేదు, చేపలు వదిలి రావడానికి మనసొప్పలేదు. అరగంటసేపు సముద్రంలో తేలుతూ ధారగా కన్నీళ్ళు కారుస్తూ చేపల్ని చూశారు.

ఆయన గట్టెక్కి అద్దాలు తీసేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చెంపల మీద నీళ్ళు ఆగడం లేదు. ముందు చూసింది పెళ్ళికొడుకు తల్లి.

"ఈయనేనా ఆ మాస్టారు? చూడండర్రా, ఎలా ఏడుస్తున్నాడో! తనవల్ల పెళ్ళి చెడిందని సముద్రంలోకి పోయి ఏడ్చొచ్చాడు పాపం. చుట్టం కాదు, పక్కం కాదు, ఊరు కాదు! నువ్వున్నావ్, సొంత తమ్ముడివి, కంట్లో చెమ్మ లేదు!"

ఆడవాళ్ళందరూ ముక్కులు చీదుకోవడం మొదలుపెట్టారు. ఒచోలా గారు ఏదో చెప్పబోయి ఎక్కిళ్ళు పట్టుకుని ఆగిపోయారు. మింగిన ఉప్పునీళ్ళ వల్ల వచ్చిన ఎక్కిళ్ళవి. దాంతో ఏడుపు ఇంకా పెరిగింది.

అకేయో ఈ సందట్లో పెళ్ళికొడుకు ఎవరో కనిపెట్టి దగ్గరికెళ్ళింది. పాతికేళ్ళ వాడు, బంగారు అంచు అంగీ వేసుకుని ఒక మూల ఇసుకలో పుల్లతో గీతలు గీస్తున్నాడు. పొద్దుటి నుంచి అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

"నీకు రావాలని ఉందా లేదా అని తిమా అడగమంది. మామ పేరు చెప్పొద్దంది."

నబహాన్ పుల్ల పారేశాడు. అంగీ నడుము దాకా ఎత్తి పట్టుకుని, నీళ్ళలో నడిచి వెళ్ళి సుబిరా ఎక్కి కూచున్నాడు.

"ఒరేయ్! నేను లేకుండానే పోతావురా?" అని కేకేశాడు అబూద్. కేకేశాడు గానీ పెట్టె మీద నుంచి లేవలేదు. కాస్త ఆగి, ఒచోలా గారి వైపు తిరిగి, మామూలుగా అడుగుతున్నట్టు అడిగాడు. "ఇంతకీ... అక్కడ మీకేం మర్యాదలు చేశారు?"

ఒచోలా గారు అబద్ధం ఆడరు. "డప్పులతో ఎదురొచ్చారు. పన్నీరు చల్లారు."

"అది మామూలే."

"నగిషీల కుర్చీ వేశారు. ఇద్దరు విసనకర్రలతో విసిరారు."

"ఇద్దరా?"

"ఇద్దరు. కాఫీ, హల్వా ఇచ్చారు. తర్వాత కార్జం వేయించి పెట్టారు."

అబూద్ మొహం మారిపోయింది. "కార్జమా? పెళ్ళి మేక కార్జమా?"

"అదే అనుకుంటానండీ. మిరియాలు వేశారు. చాలా బాగుంది."

"అంతా తిన్నారా?"

"మిగిల్చితే బాగుండదని..."

అబూద్ లేచి నిలబడ్డాడు. "నా కార్జం తిన్నాడు! నా కుర్చీలో కూచున్నాడు! నేనిక్కడ ఇసకలో కూచుని ఎండిపోతుంటే నా మర్యాదలన్నీ అక్కడ చెయ్యి జారిపోతున్నాయి! ఇంకా చూస్తారేం, పదండి! వాళ్ళు ఇంకెవడికో పెట్టకముందే పోవాలి!"

పెద్ద పడవ సాయంత్రం పోటు వచ్చేదాకా కదలదు. ఉన్నది సుబిరా ఒక్కటే. అబూద్, అక్కాబావలు, ఇద్దరు పెద్దలు ఎక్కారు. "ఆ మాస్టార్ని వదలొద్దు. వాళ్ళ ముందు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఎవడు మేనమామో తేల్చాలి," అని అబూదే ఒచోలా గారిని చెయ్యి పట్టి పైకి లాగాడు. ఆ హడావుడిలో ఆయన గొడుగు, మార్చుకోవడానికి తెచ్చుకున్న పొడి చొక్కా ఇసుక తిప్ప మీదే ఉండిపోయాయి.

మ్కాండా కాలవలో ఇప్పుడు పీతలు నడుస్తుంటాయి. బ్వానాహేరి బయటి సముద్రం దారి పట్టాడు. ఈశాన్యపు గాలి వెనక నుంచి తోస్తోంది. పది మందితో నీటికి జానెడు ఎత్తున ఉన్న సుబిరా కెరటాల మీద ఉరికింది. ఇంజను పడవ ఒకటి పక్కన చాలాసేపు వచ్చి, వెనకబడిపోయింది. బ్వానాహేరి దానివైపు చూడలేదు. చూడలేదని అందరికీ తెలిసేలా చూడలేదు. ప్రతి కెరటమూ ముందు కూచున్న ఒచోలా గారి మీదే పడింది.

మతొండోని ఒడ్డున పొద్దు వాలుతుండగా దిగారు. డప్పులు మళ్ళీ మోగాయి. అవేసో పరుగున ఎదురొచ్చి, పొద్దున అలవాటైన చేతుల్నే మళ్ళీ పట్టుకున్నాడు. "నేనిక్కడ!" అని అరిచాడు అబూద్. పన్నీరు సీసా ఇటూ అటూ రెండుసార్లు తిరిగి, ఆఖరికి అందరి మీదా పడింది. కుర్చీ ఒక్కటే ఉంది. రెండో దానికి పక్క ఊరికి మనిషిని పంపితే వచ్చేసరికి ఆలస్యమైంది. కార్జం లేదని తెలిసి అబూద్ భోజనం వద్దన్నాడు. మ్వనాషా డేగిసా అడుగున అందరూ పోటీపడే మాడు పిలావు, మేక తొడ ఒక పళ్ళెంలో పెట్టి స్వయంగా తెచ్చి ఎదురుగా నిలబడింది. ఆవిడ ఎదురుగా నిలబడితే అలిగినవాళ్ళు కూడా తింటారు. చీకటి పడకముందే మసీదులో పెళ్ళి చదివేశారు. గది తలుపు వెనక నుంచి తిమా అకేయోని పిలిచి, గోరింటాకు పండిన రెండు చేతులూ పట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో బ్వానాహేరి చుక్కాని పట్టుకుని తలొంచుకునే ఎత్తుకున్నాడు.

"మాస్టారూ, ఈ రోజంతా నావల్ల..."

"ఏడున్నరకి బయలుదేరాం," అన్నారు ఒచోలా గారు. ఒక కాలికి బూటు, ఒళ్ళంతా ఉప్పు. "చేపల్ని చూశాం. పెళ్ళి కలిపాం. మునీరా గారికి చెబుతాను, ఈ పడవలో కార్యక్రమం పట్టు తప్పదని."

అకేయో నవ్వు ఆపుకోలేక చాప వెనక్కి తిరిగింది.

ఆ పెళ్ళి ఫోటో ఇప్పుడు అవేసో ఇంటి గోడ మీద ఉంది. పెళ్ళికొడుకుకి అటొక మేనమామ, ఇటొక మేనమామ కూచున్నారు. ఒకాయన నగిషీల కుర్చీలో పొడి బట్టలతో బిగుసుకుని ఉన్నాడు. రెండో ఆయన చెక్క పెట్టె మీద, తడి చొక్కాతో, ఎర్రటి కళ్ళతో ఉన్నాడు. వీళ్ళలో అసలు మేనమామ ఎవరని అడిగితే మతొండోని పిల్లలు తడిసినాయన్నే చూపిస్తారు. సొంత మేనమామ కాకపోతే అంతలా ఎందుకేడుస్తాడని వాళ్ళ వాదన.